ఇంట్లో సింథటిక్ డ్రెడ్‌లాక్స్ చేసేవారికి సరైన స్టీమర్: సమగ్ర మార్గదర్శి

సింథటిక్ డ్రెడ్ అంటే కృత్రిమ జుట్టు పాయని చిక్కు చేసి, పురి ఎక్కించి, తాడులా గట్టిపరిచినది. అది చేయడానికి ఒక పాయ, ఒక దువ్వెన, దాన్ని గట్టిగా కట్టుకునే ఒక కొక్కెం ఉంటే చాలు. కానీ ఎక్కించిన పురి విప్పుకోకుండా నిలవాలంటే ఆవిరి కావాలి. స్టీమర్ కొనబోయేవాళ్లు ముందుగా అడిగేది ఎన్ని వాట్లు అని, ఆ తర్వాత ఎన్ని బార్ల ప్రెషర్ అని. ఆ రెంటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఆవిరి వస్తున్నంతసేపూ మీ రెండు చేతులూ ఖాళీగా ఉంటాయా? డ్రెడ్ నునుపుగా, గట్టిగా, ఒకే మందంతో రావడానికి యంత్రం బలం కంటే ఇదే ఎక్కువ ముఖ్యం. కాబట్టి ఈ మార్గదర్శి అంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ఒక మాట ముందే. సెలూన్లలో తలమీద పెట్టే టోపీలాంటి హెయిర్ స్టీమర్ వేరు. అది జుట్టుకి కండిషనర్ బాగా పట్టడానికి గోరువెచ్చని తడి ఆవిరి ఇస్తుంది, పురిని నిలబెట్టేంత వేడి దానిలో ఉండదు. మనం మాట్లాడుకుంటున్నది మరిగే నీటి ఆవిరిని ఒక చోటికి ధారగా వదిలే యంత్రం గురించి.

మొదటి మెట్టు: మీ ఫైబర్ ఆవిరికి లొంగుతుందో లేదో చూడండి

యంత్రం కంటే ముందు ఫైబర్ సంగతి తేలాలి. డ్రెడ్స్‌కి ఎక్కువగా వాడేది కనెకలాన్. జపాన్‌కు చెందిన కనెకా సంస్థ 1957 నుంచి తయారు చేస్తున్న మోడాక్రిలిక్ ఫైబర్ ఇది. అక్రిలోనైట్రైల్ అనే రసాయనం బరువులో 35 శాతం నుంచి 85 శాతం లోపు ఉన్న కృత్రిమ దారాల్ని మోడాక్రిలిక్ అంటారు. ఈ రకం ఫైబర్ మరిగే నీటి ఆవిరి తగిలితే మెత్తబడుతుంది, చల్లారేటప్పుడు ఏ ఆకారంలో పట్టి ఉంచితే ఆ ఆకారంలో నిలిచిపోతుంది. మన పని మొత్తం ఈ ఒక్క గుణం మీద ఆధారపడి ఉంది.

ప్యాకెట్ మీద వేడిని తట్టుకుంటుందనీ, స్ట్రెయిటనర్ పెట్టుకోవచ్చనీ రాసి ఉంటే కొంచెం ఆగండి. అలాంటివి చాలావరకు పాలియెస్టర్ జాతి ఫైబర్లు. వేడిని తట్టుకోవడమే వాటి గొప్ప కాబట్టి, ఆవిరికి అంత సులువుగా లొంగవు. మీ దగ్గర అవే ఉంటే ఎంత మంచి స్టీమర్ తెచ్చినా నిరాశే మిగులుతుంది.

అందుకే ముందు కెటిల్‌తో పరీక్ష చేయండి. పెన్సిలంత మందం, కనీసం రెండు జానల పొడవు ఉన్న పాయని రెండు చివర్లా పట్టుకుని గట్టిగా పురి ఎక్కించండి. మధ్య భాగాన్ని మరుగుతున్న కెటిల్ మూతి ముందు పదిహేను సెకన్లు ఉంచండి. చేతులు మాత్రం ఆవిరికి దూరంగా, పక్కలకి ఉండాలి. పక్కకి తీసి, పూర్తిగా చల్లారేదాకా బిగువు వదలకుండా పట్టుకుని, అప్పుడు ఒక చివర వదలండి. మధ్యలో పురి అలాగే నిలిస్తే ఆ ఫైబర్ మీ పనికి వస్తుంది. చుట్టూ తిరిగి మామూలు పాయలా విప్పుకుపోతే ఇంకో ప్యాకెట్ చూసుకోండి.

లైటర్‌తోనో వేడిగాలి చిమ్మే హాట్ గన్‌తోనో పని కానిచ్చేద్దామని కొందరికి అనిపిస్తుంది. అది వద్దు. మోడాక్రిలిక్ మాడితే హైడ్రోజన్ సయనైడ్ లాంటి విషవాయువులు వస్తాయి. పైగా హాట్ గన్ గాలి వందల డిగ్రీల వేడికి పోతుంది, క్షణం ఆలస్యమైతే ఫైబర్ కరిగి మెరిసే ప్లాస్టిక్ ముద్దయిపోతుంది. బయటి గాలిలోకి వచ్చిన ఆవిరి వేడి మాత్రం 100 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఆగుతుంది. నాలుగు సెకన్లు ఎక్కువ పట్టించినా డ్రెడ్ పాడవదు. కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఇంతకంటే దయగల పద్ధతి లేదు.

రెండో మెట్టు: మీ చేతులు ఏం చేస్తాయో ఊహించుకోండి

డ్రెడ్ చేసే క్రమాన్ని ఒకసారి మనసులో నడిపించి చూడండి. రెండు కొసలూ వాడే డ్రెడ్ (మధ్యలో జుట్టుకి కడితే రెండు సగాలూ వేలాడేది) అయితే పాయ మధ్యభాగాన్ని కొక్కేనికి కట్టి, ఒక సగాన్ని సన్నపళ్ల దువ్వెనతో కొస నుంచి మొదలు వైపుకి దువ్వుతూ చిక్కు చేస్తారు. చిక్కుపడిన ఆ భాగానికి పురి ఎక్కిస్తారు. ఇక్కడినుంచి ఒక చెయ్యి కింది కొసని బిగించి పట్టుకుని పురి తిప్పుతూనే ఉండాలి. రెండో చెయ్యి బయటికి పొడుచుకొచ్చిన పోగుల్ని లోపలికి దోపుతూ, ఉబ్బిన చోట అదుముతూ ఉంటుంది. సరిగ్గా అదే సమయంలో ఆవిరి తగలాలి.

ఆవిరి తగలగానే ఫైబర్ మెత్తబడి, ఉన్న బిగువు కాస్త సడలుతుంది. ఆ క్షణంలో ఇంకో రెండు మూడు చుట్లు పురి ఎక్కించగలిగితే డ్రెడ్ రాయిలా గట్టిపడుతుంది. ఎక్కించకపోతే వదులుగా, వారంలోపే పోగులు లేచేలా తయారవుతుంది. అంటే ఆవిరి పడుతున్నప్పుడే రెండు చేతులకీ ఎక్కువ పని ఉంటుంది. ఇక స్టీమర్ ఎవరు పట్టుకోవాలి?

దీనికి మూడు దారులున్నాయి. స్టీమర్ మూతిని ఒకచోట కదలకుండా నిలబెట్టి, డ్రెడ్‌ని దాని ముందు జరపడం మొదటిది. నా ఓటు దీనికే. డ్రెడ్ రెండో కొసని కూడా బలమైన క్లిప్పుతో ఇంకో కొక్కేనికి బిగించి, స్టీమర్‌ని చేత్తో జరపడం రెండోది. ఇది పని చేస్తుంది గానీ, ఫైబర్ సడలినప్పుడు అదనపు పురి ఎక్కించడం క్లిప్పుకి చేతకాదు. క్లిప్పు కింద దాగిన కొసకి ఆవిరి తగలదు కాబట్టి కొసలన్నిటికీ మళ్లీ విడిగా ఆవిరి పట్టించాలి. ఇంకొకరు స్టీమర్ పట్టుకుంటే మీరు పురి చూసుకోవడం మూడోది. ఇద్దరికీ జత కుదిరితే పని హాయిగా సాగుతుంది, కాకపోతే గంటలకొద్దీ ఓపికగా నిలబడే మనిషి రోజూ దొరకాలి.

ఏ దారిలో చేస్తారో ఇప్పుడే తేల్చుకోండి. యంత్రం రకం దాన్ని బట్టే మారుతుంది.

మూడో మెట్టు: మీకెంత ఆవిరి కావాలో లెక్క వేయండి

తల నిండా పెట్టుకోవడానికి రెండు కొసల డ్రెడ్స్ మామూలుగా నలభై నుంచి అరవై దాకా పడతాయి. యాభై అనుకుందాం. ఒక్కో డ్రెడ్‌కి రెండు సగాలూ కలిపి రెండు నిమిషాల ఆవిరి అనుకుంటే మొత్తం 100 నిమిషాలు.

ఇప్పుడు యంత్రం వైపు నుంచి చూద్దాం. మరుగుతున్న నీటిలో ఒక గ్రాము ఆవిరి కావడానికి దాదాపు 2257 జౌళ్ల శక్తి కావాలి. గది వేడిమిలో ఉన్న నీటిని మరిగించడానికి పట్టే శక్తి కూడా కలిపితే, 1500 వాట్ల స్టీమర్ నిమిషానికి సుమారు 35 గ్రాముల ఆవిరి మాత్రమే ఇవ్వగలదు. అదే వాటేజీతో నిమిషానికి 60 గ్రాములు ఇస్తామని పెట్టెమీద రాసి ఉంటే, మిగిలినది ఆవిరి కాదు, దానితో పాటు చిమ్మే నీటి చుక్కలు. ఈ చిన్న లెక్కతో చాలా ప్రకటనల సంగతి తేలిపోతుంది.

100 నిమిషాలకి నిమిషానికి 35 గ్రాముల చొప్పున మూడున్నర లీటర్ల నీళ్లు. రెండు లీటర్ల ట్యాంకు ఉన్న యంత్రాన్ని ఒకసారి మళ్లీ నింపితే సరిపోతుంది. 250 మిల్లీలీటర్ల ట్యాంకుతో నిమిషానికి 20 గ్రాములిచ్చే చేతి స్టీమర్ పన్నెండు నిమిషాల్లో ఖాళీ అవుతుంది. అంటే ఒక నింపుకి ఆరు డ్రెడ్స్. యాభైకి ఎనిమిది తొమ్మిది సార్లు నింపాలి. ఆవిరి పలచగా ఉంటుంది కాబట్టి ఒక్కోదానికి రెండు నిమిషాలు కూడా సరిపోకపోవచ్చు. ముందు జుట్టులో కలుపుకోవడానికి ఐదారు డ్రెడ్స్ మాత్రమే కావాలనుకునేవాళ్లకి ఇది ఏమాత్రం ఇబ్బంది కాదు. తల నిండా చేయాలనుకునేవాళ్లకి మాత్రం నింపడం, వేడెక్కేదాకా ఆగడమే సగం పని అయిపోతుంది.

నాలుగో మెట్టు: రకాల్లోంచి మీది ఎంచుకోండి

నిలబెట్టే బట్టల స్టీమర్. ఇంట్లో ఎక్కువ డ్రెడ్స్ చేసేవాళ్లకి నేను ముందుగా చెప్పేది ఇదే. కింద ఒకటిన్నర నుంచి రెండున్నర లీటర్ల ట్యాంకు, 1500 నుంచి 2000 వాట్ల హీటర్, పైన నిలువు కడ్డీ, దానికొక కొక్కెం. చాలా మోడళ్లలో ట్రిగ్గర్ ఉండదు, ఆన్ చేస్తే ఆపేదాకా ఆవిరి వస్తూనే ఉంటుంది. ట్యాంకులో నీళ్లన్నీ ఒకేసారి కాకుండా కొద్దికొద్దిగా వేడెక్కుతాయి కాబట్టి నిమిషం అటూ ఇటూగా ఆవిరి మొదలవుతుంది. మూతిని దాని కడ్డీ కొక్కేనికే తగిలించి, ఎత్తు మీ ఛాతీ దగ్గరికి దించుకుంటే రెండు చేతులూ ఖాళీ. మూతి వెడల్పుగా ఉండటం లోపమని కొందరంటారు. డ్రెడ్‌ని ఆ వెడల్పు వెంబడి అడ్డంగా పట్టుకుంటే ఒకేసారి జానెడు మేర ఆవిరి తగులుతుంది, అది నిజానికి లాభమే. కొనేటప్పుడు కడ్డీ ఊగకుండా నిలుస్తుందో లేదో మాత్రం చేత్తో కదిపి చూడండి.

వాల్‌పేపర్ స్టీమర్. గోడకి అంటించిన కాగితాన్ని ఊడదీయడానికి చేసిన యంత్రం. 2000 వాట్ల పైన హీటర్, నాలుగైదు లీటర్ల ట్యాంకు, గంటకి పైగా ఆగకుండా ఆవిరి. కొసన ఉండే పెద్ద పలక ఊడి వస్తే గొట్టం నుంచి సన్నని ధార దొరుకుతుంది, దాన్ని బల్ల అంచుకి క్లాంపుతో బిగించుకోవచ్చు. దీనిలో నీళ్లన్నీ ఒకేసారి మరగాలి కాబట్టి నాలుగు లీటర్లకి పది నిమిషాల పైనే పడుతుంది. ఇతరులకోసం కూడా డ్రెడ్స్ చేసి ఇచ్చేవాళ్లకి ఇంతకంటే నమ్మకమైనది లేదు. పలక ఊడని మోడల్ అయితే వదిలేయండి.

చేతి బట్టల స్టీమర్. చిన్నది, తేలిక, ఎక్కడైనా దొరుకుతుంది. కొద్ది డ్రెడ్స్‌కి, కొసల సవరణకి, పాతవాటిలో లేచిన పోగుల్ని అణచడానికి చక్కగా పనికొస్తుంది. దీనిలో చూడాల్సినవి రెండే: నొక్కి పెడితే నిలిచిపోయే ట్రిగ్గర్ లాక్, పక్కకి వంచినా నీళ్లు చిమ్మకపోవడం. ట్రిగ్గర్ లాక్ లేని దానికి రబ్బరు బ్యాండు చుట్టి నొక్కి ఉంచే అలవాటు కొందరికి ఉంది. చెయ్యి కాలినప్పుడు తక్షణం ఆపలేరు కాబట్టి అది ప్రమాదం.

ప్రెషర్ స్టీమ్ క్లీనర్. నేలా గోడలూ శుభ్రం చేసేది. 3 బార్ల ప్రెషర్‌లో బాయిలర్ లోపల వేడి దాదాపు 143 డిగ్రీలుంటుంది. అది చూసి డ్రెడ్స్ తొందరగా అవుతాయని ఆశపడతారు. బయటికి రాగానే ఆవిరి వ్యాకోచించి, గాలితో కలిసి కొద్ది సెంటీమీటర్లలోనే 100 డిగ్రీలకి, ఆ కిందికి పడిపోతుంది. ధార వేగం మాత్రం అలాగే ఉంటుంది. ఆ వేగం మీరు శ్రద్ధగా లోపలికి దోపిన పోగుల్నే బయటికి చెదరగొడుతుంది. ఆవిరి పొడిగా, నీటి చుక్కలు తక్కువగా ఉండటం దీని మంచి గుణం. ఇప్పటికే ఇంట్లో ఉంటే, ఆవిరి తగ్గించే మీట ఉంటే వాడుకోండి. డ్రెడ్స్ కోసమే అయితే కొనక్కర్లేదు.

పనికిరానివి త్వరగా చెప్పేస్తాను. ముఖానికి పట్టించే స్టీమర్‌లో ఆవిరి బాగా తక్కువ. గదిలో తేమ పెంచే అల్ట్రాసోనిక్ యంత్రం వదిలేది ఆవిరే కాదు, చల్లని నీటి తుంపర. స్టీమ్ ఇస్త్రీపెట్టె అడుగు పొరపాటున తగిలితే ఫైబర్ కరిగి అంటుకుపోతుంది. ప్రెషర్ కుక్కర్ విజిల్ దగ్గర గొట్టం తగిలించడం లాంటి ప్రయోగం ఎవరు చెప్పినా చేయకండి, ఆవిరి దారి మూసుకుంటే కుక్కర్ పేలుతుంది.

ఐదో మెట్టు: కొనే ముందు మూతి, గొట్టం, కరెంటు, నీళ్లు

గొట్టం ఉన్న యంత్రాల్లో దారిపొడవునా కొంత ఆవిరి చల్లబడి నీళ్లవుతుంది. గొట్టం యంత్రం నుంచి మూతిదాకా పైకే ఎక్కుతూ ఉంటే ఆ నీళ్లు వెనక్కి జారిపోతాయి. మధ్యలో కిందికి వేలాడితే ఆ వంపులో నిలిచి, గుడగుడమని, చివరికి వేడినీళ్లుగా ఎగజిమ్ముతాయి. కాబట్టి గొట్టం పొడవు ఎక్కువుంటే మేలని అనుకోకండి. నిలబడి చేసేవాళ్లకీ కూర్చుని చేసేవాళ్లకీ కావాల్సిన పొడవు వేరు. యంత్రం నేలమీద, మూతి మీ పని ఎత్తులో ఉన్నప్పుడు గొట్టం సాగకుండా, వేలాడకుండా ఉండాలి.

వాట్లని వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 230 వోల్టుల దగ్గర 1500 వాట్ల యంత్రం ఆరున్నర ఆంపియర్లు, 2000 వాట్లది దాదాపు తొమ్మిది ఆంపియర్లు లాగుతుంది. అంత బరువు మోయగల సాకెట్‌లోనే నేరుగా పెట్టండి. సన్నని ఎక్స్‌టెన్షన్ వైర్లు గంటసేపట్లో వేడెక్కుతాయి.

నీళ్లలో లవణాల శాతం ఎక్కువైతే హీటర్ మీద తెల్లటి సున్నపు పొర పేరుకుని ఆవిరి తగ్గుతుంది. వడపోసిన నీళ్లో, డిస్టిల్డ్ వాటరో వాడటం మంచిదే. ఒక మినహాయింపు ఉంది. కొన్ని చవక వేపరైజర్లలో హీటర్ బదులు నీళ్లలో మునిగే రెండు లోహపు కడ్డీలుంటాయి, కరెంటు నీళ్లలోంచే పారుతుంది. అవి డిస్టిల్డ్ వాటర్‌తో పనిచేయవు. అలాంటి యంత్రాన్ని ఈ పనికి తీసుకోకపోవడమే నయం.

ఆరో మెట్టు: తెచ్చిన రోజే పరీక్షించండి

వాపసు ఇచ్చే గడువు ఉండగానే ఇవన్నీ చేయాలి. మొదట కాసేపు ఖాళీగా ఆవిరి వదలండి, లోపలి దుమ్మూ వాసనా పోతాయి. తర్వాత కొలిచి అర లీటరు నీళ్లు పోసి, ఆవిరి మొదలయ్యాక ఐదు నిమిషాలు నడిపి, ఆపి, పూర్తిగా చల్లారాక మిగిలిన నీళ్లు కొలవండి. తగ్గిన గ్రాముల్ని ఐదుతో భాగిస్తే నిమిషానికి ఎంతో తెలుస్తుంది. ఒక పొడిగుడ్డని మూతికి కొద్ది దూరంలో పది సెకన్లు ఉంచి చూడండి. సమానంగా చెమ్మగిల్లితే బాగున్నట్టు, చుక్కలు జారితే నీళ్లు చిమ్ముతున్నట్టు.

ఆ తర్వాత చిన్న వెలుతురులో మూతి దగ్గర జాగ్రత్తగా గమనించండి. మూతికి ఆనుకుని కొంత మేర ఏమీ కనిపించదు, ఆ తర్వాతే తెల్లటి పొగలా మొదలవుతుంది. కనిపించని ఆ భాగమే అసలైన ఆవిరి. తెల్లగా కనిపించేది అప్పటికే చల్లబడి చుక్కలుగా మారినది. డ్రెడ్‌ని తెలుపు మొదలయ్యే అంచు దగ్గర పట్టుకోవాలి. చాలామంది తెల్లటి పొగ మధ్యలో పట్టుకుని, డ్రెడ్ తడుస్తోంది గానీ గట్టిపడటం లేదని యంత్రాన్ని తప్పుపడతారు. ఆ కనిపించని భాగం రెండు మూడు సెంటీమీటర్లైనా లేకపోతే మాత్రం యంత్రం బలహీనమే.

ఇక నిజమైన డ్రెడ్ ఒకటి చేయండి. మొదలు నుంచి కొస వైపుకి, రెండేసి అంగుళాల చొప్పున, తిప్పుతూ అన్ని పక్కలా ఆవిరి తగిలించండి. ప్రతి భాగమూ ఆవిరి నుంచి బయటికి రాగానే బిగువు అలాగే ఉంచి చల్లారనివ్వాలి. పురి నిలిచేది వేడెక్కినప్పుడు కాదు, చల్లారినప్పుడు. ఈ ఓపిక లేకపోతే ఏ స్టీమరూ ఆదుకోదు. పూర్తయ్యాక వేలాడదీసి, లోపలి తడి కూడా ఆరాకే మిగతా పనికి తీయండి. తలకి పెట్టుకున్న డ్రెడ్స్‌కి మాత్రం స్టీమర్ ఎప్పుడూ చూపకండి.

చేతుల జాగ్రత్త

ఈ భాగాన్ని దాటేయకండి. ఒక గ్రాము మరిగిన నీరు చర్మం మీద పడి 40 డిగ్రీలకి చల్లారితే 60 కేలరీల వేడి వదులుతుంది. ఒక గ్రాము ఆవిరి చర్మం మీద నీరుగా మారేటప్పుడు అదనంగా 540 కేలరీలు వదులుతుంది. పురిని అంత త్వరగా నిలబెట్టేదీ, చెయ్యిని అంత లోతుగా కాల్చేదీ ఆ వేడే. పైగా అది కంటికి కనిపించని చోటే ఎక్కువ.

నూలు గ్లోవ్స్ వద్దు. తడిసి, వేడిని చర్మానికి అదిమిపెడతాయి. నీళ్లు ఇంకని, వేళ్లు సులువుగా కదిలే సిలికాన్ గ్లోవ్స్ మంచివి. మూతి మీ ముఖానికి ఎదురుగా కాక, మీ నుంచి పక్కకి తిరిగి ఉండాలి. గదిలో గాలి ఆడాలి, నేలమీద నీళ్లు నిలవకూడదు, పిల్లలు దరిదాపుల్లో ఉండకూడదు. ప్రెషర్ యంత్రం మూతని చల్లారకుండా తెరవకండి. కాలితే ఉంగరాలూ గ్లోవ్సూ వెంటనే తీసి, పారే చల్లని కుళాయి నీళ్ల కింద ఇరవై నిమిషాలు ఉంచండి. మంచుగడ్డలు, టూత్‌పేస్ట్ పెట్టకూడదు. పెద్ద బొబ్బలు లేస్తే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

పని ముగిశాక

చల్లారిన తర్వాత ట్యాంకు, గొట్టం రెండూ ఖాళీ చేసి, గొట్టాన్ని నిటారుగా వేలాడదీయండి. తడి నిలిస్తే బూజు వాసన పడుతుంది, తర్వాతి విడత డ్రెడ్స్‌కి ఆ వాసన ఎక్కుతుంది. ఆవిరి మునుపటికంటే తగ్గిందనిపిస్తే ఐదు నిమిషాల కొలత మళ్లీ చేయండి. నిజంగానే తగ్గితే, మీ యంత్రం పుస్తకంలో వద్దని లేకపోతే, లీటరు నీళ్లలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు కరిగించి ట్యాంకులో అరగంట ఉంచి పారబోయండి. తర్వాత రెండు మూడు సార్లు మంచినీళ్లతో కడిగి, మొదటి ఐదు నిమిషాల ఆవిరిని ఫైబర్ మీద కాకుండా బకెట్‌లోకి వదలండి.